విమాన యంత్రశిల్పి చార్లెస్ టేలర్

పక్షివలె ఆకాశంలో విహరించాలన్నది మానవుని చిరకాల వాంఛ. పుష్పక విమానాన్ని గురించి పురాణాలలో విని ఆనందించిన మానవుడు, ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఆ కలను నిజం చేసుకున్నాడు. 1903 డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని కిట్టీహాక్ సమీపాన ఇసుకతిన్నెలపై విల్బర్ రైట్, ఆర్విల్ రైట్ అనే అన్నదమ్ములు తొలిసారి యంత్రశక్తితో నడిచే విమానాన్ని ఎగురవేశారు. వారి పేరు తెలియని విద్యార్థి ఉండడు. అయితే ఆ విమానాన్ని నేలమీది నుంచి లేపిన ఇంజన్‌ను తన చేతులతో మలచినవాడు మరొకడు ఉన్నాడు. ఆయనే చార్లెస్ ఎడ్వర్డ్ టేలర్. గుడికి వచ్చినవారందరి చూపూ శిఖరం మీదనే నిలుస్తుంది. దానిని మోసే పునాదిరాయి ఎవరికీ కనిపించదు. టేలర్ అటువంటి పునాదిరాయి.

టేలర్ 1868 మే 24న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సెర్రో గోర్డో అనే చిన్న ఊరిలో జన్మించాడు. బాల్యంలోనే ఆయన కుటుంబం నెబ్రాస్కా రాష్ట్రానికి తరలివెళ్లింది. పన్నెండేళ్ల ప్రాయంలో చదువు మానివేసి, ఒక వార్తాపత్రిక కార్యాలయంలో చిల్లర పనులు చేసే కుర్రవాడిగా చేరాడు. అక్షరాలకన్నా యంత్రాలే ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. లోహాన్ని కోయడం, తరగడం, తొలవడం, నునుపు చేయడం ఒక్కొక్కటిగా నేర్చుకున్నాడు. 1894లో హెన్రియెట్టా వెబ్బర్ట్‌ను వివాహమాడి, తరువాత ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో స్థిరపడ్డాడు. అక్కడ వ్యవసాయ పనిముట్లు, సైకిళ్లు తయారుచేసే కర్మాగారంలో కొంతకాలం పనిచేసి, ఆపైన సొంతంగా ఒక చిన్న యంత్రశాల నడిపాడు.

ఆ రోజులలో రైట్ సోదరులు డేటన్‌లో సైకిళ్ల దుకాణం నడుపుతుండేవారు. తమకు అవసరమైన విడిభాగాలను వారు టేలర్ చేత చేయించుకునేవారు. పనిలో ఆయన చూపే నిజాయితీ, నేర్పు వారికి నచ్చాయి. 1901 జూన్‌లో వారానికి పద్దెనిమిది డాలర్ల జీతంపై ఆయనను తమ దుకాణంలో చేర్చుకున్నారు. దుకాణం తలుపులు తెరవడం, సైకిళ్లు బాగుచేయడం, వచ్చినవారికి సమాధానం చెప్పడం మొదట ఆయనకు అప్పగించిన పనులు. నమ్మకమైన మనిషి దొరికినందువల్లనే సోదరులిద్దరూ దుకాణాన్ని ఆయనకు అప్పగించి, గ్లైడర్ ప్రయోగాల కోసం నెలల తరబడి దూరప్రాంతానికి వెళ్లగలిగారు. రెక్కల ఆకృతులను పరీక్షించడానికి ఆ ఏడాది వారు నిర్మించిన గాలి సొరంగం తయారీలో కూడా టేలర్ చేయి ఉంది.

1902 నాటికి గ్లైడర్‌ను అదుపులో ఉంచే విద్య సోదరులకు పట్టుబడింది. ఇక కావలసింది శక్తి. ఎనిమిది అశ్వశక్తి ఇవ్వగల తేలికైన ఇంజన్ కావాలని వారు మోటారు కార్ల తయారీదారులకు ఉత్తరాలు వ్రాశారు. అంత తక్కువ బరువులో అంత శక్తి ఇచ్చే ఇంజన్ ఎవరివద్దా లభించలేదు. చివరకు తామే తయారుచేసుకోవాలని నిశ్చయించి, ఆ భారాన్ని టేలర్‌పై మోపారు. అంతవరకు ఆయనకున్న పెట్రోలు ఇంజన్ అనుభవమంతా ఒక కారు ఇంజన్‌ను మరమ్మతు చేయడానికి ప్రయత్నించడమే. అయినా ఆయన వెనుదీయలేదు.

వారివద్ద సవివరమైన పటాలు లేవు. కావలసిన భాగాన్ని ఒక కాగితం ముక్కపై గీసుకొని, దానిని బల్ల ముందు తగిలించుకొని పనిచేసేవారు. ఉన్న యంత్రాలు ఒక లేతు, ఒక డ్రిల్లింగు యంత్రం మాత్రమే. ఇంజన్‌లో అన్నిటికన్నా కష్టమైన భాగం క్రాంక్‌షాఫ్టు. పిస్టన్‌ల పైకీ కిందకీ కదలికను గుండ్రని తిరుగుడుగా మార్చే వంకరల ఇరుసు అది. సుమారు నూరు పౌండ్ల బరువున్న ఉక్కు పలకను తీసుకొని, దానిపై ఇరుసు ఆకారం గీసి, ఆ గీత వెంబడి వరుసగా రంధ్రాలు తొలిచి, మిగులు లోహాన్ని ఉలితో, సుత్తితో కొట్టి ఊడదీసి, తరువాత లేతుపై తరిగాడు. పని పూర్తయ్యేసరికి మిగిలింది పంతొమ్మిది పౌండ్లు. శిలలో దాగిన విగ్రహాన్ని శిల్పి వెలికితీసినట్లు ఆయన ఉక్కు నుంచి ఆ ఇరుసును వెలికితీశాడు. బరువు తగ్గించడానికి ఇంజన్ ఒడలిని అల్యూమినియంతో పోత పోయించారు. నాలుగు సిలిండర్లు గల ఆ ఇంజన్ ఆరు వారాలలో సిద్ధమైంది.

1903 ఫిబ్రవరి 12న ఇంజన్‌ను తొలిసారి నడిపి చూశారు. అది చక్కగా తిరిగింది. కాని మరునాడే బేరింగులు పట్టివేసి, అల్యూమినియం ఒడలు పగిలిపోయింది. వారాల శ్రమ ఒక్క క్షణంలో వ్యర్థమైనట్లు కనిపించింది. పగిలినచోట అతుకు వేసి సరిపెట్టుకోవాలనే ఆలోచన సామాన్యులకు సహజంగా కలుగుతుంది. నేలమీద నడిచే యంత్రానికి అటువంటి అతుకు కొంతకాలం పనికిరావచ్చు. ఆకాశంలో ఆగిపోయిన ఇంజన్‌ను దారి పక్కన నిలిపి బాగుచేసుకోవడానికి వీలులేదు. అందుచేత కొత్త ఒడలిని పోత పోయించి, ఇంజన్‌ను మొదటినుంచి మళ్లీ కూర్చారు. మే నెలలో అది తిరిగి నడిచింది. మొదటి క్షణాలలో పదహారు అశ్వశక్తి వరకు ఇచ్చి, వేడెక్కిన తరువాత పన్నెండు వద్ద నిలిచింది. సోదరులు ఆశించిన ఎనిమిదికంటె అది ఎంతో మిన్న.

ఆ సంవత్సరం చివర కిట్టీహాక్‌లో ప్రొపెల్లర్ల ఇరుసులు బీటలువారినప్పుడు, డేటన్‌లో ఉన్న టేలర్ మరింత గట్టివాటిని చేసి పంపాడు. అవి కూడా బీటలు వేయగా, ఆర్విల్ స్వయంగా డేటన్‌కు వచ్చి స్ప్రింగు ఉక్కుతో కొత్త ఇరుసులు సిద్ధం చేసుకొని వెళ్లాడు. డిసెంబరు 17న విమానం లేచింది. మొదటిసారి పన్నెండు సెకన్లలో 120 అడుగులు, నాలుగవసారి 59 సెకన్లలో 852 అడుగులు ప్రయాణించింది. ఆ చారిత్రక దృశ్యాన్ని టేలర్ చూడలేదు. ఆ సమయంలో ఆయన డేటన్‌లోని దుకాణంలో ఉన్నాడు.

తరువాతి రెండు సంవత్సరాలు డేటన్ సమీపంలోని హఫ్‌మన్ ప్రెయిరీ అనే పచ్చికబయలులో ప్రయోగాలు సాగాయి. టేలర్ అక్కడ నిత్యం తోడుండి యంత్రాన్ని కనిపెట్టుకున్నాడు. 1905 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో విమానం పదిహేను, ఇరవై మైళ్లు ఎగరసాగింది. కాని సెప్టెంబరు 30న, అక్టోబరు 3న, 4న వరుసగా బేరింగులు వేడెక్కి విమానాన్ని దింపవలసి వచ్చింది. ఇక్కడ యంత్రకారుని వివేకానికి పరీక్ష ఎదురైంది. యంత్రం మొరాయించగానే దానిని పూర్తిగా విప్పివేయడం ఒక పద్ధతి. బాధ ఎక్కడున్నదో కనుగొని దానికే చికిత్స చేయడం మరొక పద్ధతి. వారు రెండవదానిని ఎంచుకున్నారు. ఎద్దుబండి ఇరుసుకు కందెన చాలకపోతే బండి మార్చనక్కరలేదు, కందెన వేస్తే చాలు. వేడెక్కిన బేరింగులకు పెద్ద కందెన గిన్నెలు అమర్చారు. అక్టోబరు 5న విమానం 39 నిమిషాలలో ఇరవై నాలుగు మైళ్లు తిరిగి, ఇంధనం అయిపోయిన తరువాతనే నేలకు దిగింది.

ఆ కాలపు ఇంజన్ మరొక వింత సత్యాన్ని కూడా వెల్లడించింది. వాడేకొద్దీ దాని శక్తి తగ్గవలసింది పోయి పెరిగింది. సిలిండర్ల లోపలి గోడలు, పిస్టన్‌లు ఒరసి ఒరసి నునుపు తేలడమే అందుకు కారణమని రైట్ సోదరులు గ్రహించారు. వయసు వచ్చినంతమాత్రాన యంత్రం చెడిపోయినట్లు కాదని, కొంత అరుగుదల దానికి మేలు కూడా చేస్తుందని ఈ అనుభవం తెలిపింది. అయితే ఏ అరుగుదల మేలు చేస్తుంది, ఏది కీడు తెస్తుంది అనే విచక్షణ చేతికి, చెవికి, కంటికి అలవడవలసిన విద్య. ఆ విద్యలో టేలర్ ఆరితేరాడు.

ఆ విద్య ఎంత విలువైనదో 1908 సెప్టెంబరు 17న లోకానికి తెలిసింది. ఆనాడు వాషింగ్టన్ సమీపంలోని ఫోర్ట్ మయర్ సైనిక మైదానంలో ఆర్విల్ విమానం కూలిపోయింది. ఆయన పక్కన కూర్చున్న సైనికాధికారి థామస్ సెల్ఫ్రిజ్ మరణించాడు. యంత్రశక్తితో నడిచే విమాన ప్రమాదంలో ప్రాణం కోల్పోయిన మొదటి వ్యక్తి ఆయనే. ఆర్విల్ తీవ్రంగా గాయపడ్డాడు. శిథిలాల నుంచి క్షతగాత్రులను వెలికితీయడంలో పాలుపంచుకున్న టేలర్, దుఃఖాన్ని దిగమింగుకొని, విరిగిన భాగాలను పరిశీలించే పనికి పూనుకున్నాడు. ప్రొపెల్లర్ రెక్క ఒకటి నిలువునా చీలిందని, దాని అదురుపాటు వల్ల చుక్కానిని పట్టి ఉంచే తీగ తెగిందని ఆ పరిశీలనలో తేలింది. ఒక సన్నని పగులు ఒక నిండు ప్రాణాన్ని బలిగొన్నది.

1909 అక్టోబరు 4న న్యూయార్క్‌లో మరొక హెచ్చరిక ఎదురైంది. ఆనాటి ఉదయం విల్బర్ గవర్నర్స్ ద్వీపం నుంచి బయలుదేరి హడ్సన్ నది మీదుగా ఇరవై మైళ్లు ఎగిరి క్షేమంగా తిరిగివచ్చాడు. లక్షలాది ప్రజలు ఆ దృశ్యాన్ని చూసి పరవశించారు. అదే రోజు రెండవసారి ఎగరడానికి సిద్ధపడి ఇంజన్‌ను తిప్పుతుండగా సిలిండర్ ఒకటి పేలిపోయింది. ప్రయాణం రద్దయింది. అదే పేలుడు కొద్ది గంటల ముందు నది నడిమధ్యన సంభవించి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. ఉదయం చక్కగా నడిచిన యంత్రం సాయంత్రం కూడా నడిచి తీరుతుందని నమ్మడానికి వీలులేదని ఆ సంఘటన చాటిచెప్పింది.

1911లో టేలర్ జీవితంలో మరొక ముఖ్యఘట్టం ఆరంభమైంది. ముప్పై రోజులలో అమెరికాను ఒక కొస నుంచి మరొక కొసకు విమానంలో దాటినవారికి యాభై వేల డాలర్ల బహుమతి ఇస్తానని పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ ప్రకటించాడు. కాల్‌బ్రైత్ రాడ్జర్స్ అనే సాహసి అందుకు సిద్ధపడ్డాడు. విన్ ఫిజ్ అనే ద్రాక్ష పానీయం పేరు ఆయన విమానానికి పెట్టారు. దారి పొడవునా విడిభాగాలు మోసుకొని ఒక ప్రత్యేక రైలు వెంట నడిచింది. ఆ యాత్రకు టేలర్ ప్రధాన యంత్రకారుడిగా కుదిరాడు. రైట్ సోదరుల సంస్థలో వారానికి ఇరవై ఐదు డాలర్లు లభిస్తుండగా, రాడ్జర్స్ డెబ్బై డాలర్లు ఇవ్వజూపాడు.

సెప్టెంబరు 17న న్యూయార్క్ నుంచి బయలుదేరిన విమానం నవంబరు 5న కాలిఫోర్నియాలోని పాసడీనా చేరింది. అంటే నలభై తొమ్మిది రోజులు పట్టింది. బహుమతి దక్కలేదు. నడుమ ఎన్నిసార్లు కూలిందో, ఎన్నిసార్లు మళ్లీ నిలబెట్టారో లెక్కించడమే కష్టం. గమ్యం చేరేనాటికి చుక్కాని, చమురు పళ్లెం వంటి కొద్ది భాగాలు తప్ప మిగిలినవన్నీ మారిపోయాయి. చివరి దశలో, నవంబరు 3న, కాలిఫోర్నియా ఎడారి ప్రాంతంపై ఎగురుతుండగా సిలిండర్ పేలి, దాని ముక్కలు రాడ్జర్స్ చేతిలో గుచ్చుకున్నాయి. రక్తమోడుతున్న చేతితోనే ఆయన విమానాన్ని దింపి ప్రాణాలు దక్కించుకున్నాడు. ఇంత చేసినా ఆ విమానం మొత్తం మీద గాలిలో ఉన్నది ఎనభై రెండు గంటలు మాత్రమే.

ఈ సంఖ్యను నేటి పరిస్థితితో పోల్చి చూస్తే టేలర్ కాలపు కష్టం బోధపడుతుంది. నేడు చిన్న విమానాలలో విరివిగా వాడే ఇంజన్‌లు చాలావాటికి తయారీదారులు రెండు వేల గంటల వాడకాన్ని గాని, పన్నెండు సంవత్సరాల కాలాన్ని గాని గడువుగా సూచిస్తారు. ఏది ముందు వస్తే అప్పుడు ఇంజన్‌ను పూర్తిగా విప్పి, అరిగిన భాగాలు మార్చి, తిరిగి కూర్చాలి. దీనినే ఓవర్‌హాల్ అంటారు. ఇది ఎంతో ఖర్చుతో కూడిన పని. తొందరపడి ముందే చేయిస్తే ధనం వృథా అవుతుంది. ఆలస్యం చేస్తే ప్రాణానికి ముప్పు. విమానం కలిగిన ప్రతివ్యక్తినీ ఏదో ఒకనాడు ఈ ధర్మసందేహం వేధించక మానదు.

గంటల లెక్క ఒక్కటే దీనికి సమాధానం కాదు. తరచుగా ఎగిరే విమానంలోని ఇంజన్ గడువు దాటినా ఆరోగ్యంగా ఉండవచ్చు. నెలల తరబడి షెడ్డులో కదలకుండా పడి ఉన్న ఇంజన్ లోపల తేమ చేరి, తుప్పు పట్టి, గడువుకు ఎంతో ముందే పాడైపోవచ్చు. అందుచేత వైద్యుడు రోగి నాడి పట్టి చూసినట్లు, యంత్రకారుడు ఇంజన్‌ను పలువిధాల పరీక్షిస్తాడు. సిలిండర్‌లోకి గాలిని ఒత్తిడితో పంపి ఎంత కారిపోతున్నదో చూస్తాడు. చమురు ఎంత ఖర్చవుతున్నదో లెక్కిస్తాడు. చమురు వడపోతలో లోహపు రజను మెరుస్తున్నదేమో వెదకుతాడు. సన్నని గొట్టంవంటి దర్శినిని లోపలికి పంపి కవాటాలను, గోడలను పరిశీలిస్తాడు. అమెరికాకు చెందిన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నోలన్, హీప్ 1978లో వెలువరించిన నివేదిక ఈ ఆలోచనకు శాస్త్రీయమైన బలం చేకూర్చింది. విమాన భాగాలలో అధికభాగం కేవలం వయసు వల్ల చెడిపోవని, అనవసరంగా విప్పి కూర్చడం వల్ల కొత్త లోపాలు చేరే అవకాశమున్నదని వారు నిరూపించారు. బాగున్నదానిని కదపకపోవడం, బాగులేనిదానిని ఉపేక్షించకపోవడం అనే రెండు సూత్రాలూ టేలర్ పనితనంలో అంతకు ఏడు దశాబ్దాల ముందే కనిపిస్తాయి.

విమానాలకు ప్రాణం పోసిన టేలర్‌కు తానూ విమానం నడపాలని కోరిక ఉండేది. దుకాణంలో ఆయన అవసరం ఎక్కువగా ఉన్నందువల్ల రైట్ సోదరులు ఆ కోరికను ప్రోత్సహించలేదు. 1928లో ఆయన కాలిఫోర్నియాకు తరలివెళ్లాడు. ఆ వెంటనే వచ్చిన ఆర్థిక మాంద్యం ఆయన యంత్రశాలను మింగివేసింది. కూడబెట్టిన ధనం పెట్టి కొన్న భూమి కలిసిరాలేదు. భార్య కన్నుమూసింది. చివరకు ఒక విమాన కర్మాగారంలో గంటకు 37 సెంట్ల కూలికి పనిచేశాడు. తమ పక్కన నిలబడి పనిచేస్తున్న ఆ వృద్ధుడు ప్రపంచంలో మొదటి విమానానికి ఇంజన్ చేసినవాడని తోటి కార్మికులకు తెలియదు.

రైట్ సోదరుల సైకిళ్ల దుకాణాన్ని మిచిగన్ రాష్ట్రంలోని తన గ్రీన్‌ఫీల్డ్ గ్రామంలో పునర్నిర్మించాలని సంకల్పించిన హెన్రీ ఫోర్డ్, టేలర్‌ను వెదకించి పిలిపించాడు. ఏ యంత్రం ఎక్కడ ఉండేదో, ఏ బల్ల ఏ గోడకు ఆనుకొని ఉండేదో ఆయన జ్ఞాపకం నుంచి చెప్పి, ఆ దుకాణాన్ని పూర్వరూపానికి తెచ్చాడు. 1938లో అది ప్రజల దర్శనార్థం సిద్ధమైంది. ఆ పని ముగిసిన కొన్నేళ్లకు ఆయన కాలిఫోర్నియాకు తిరిగివెళ్లి మళ్లీ కర్మాగారంలో చేరాడు. 1945లో గుండెజబ్బు ఆయనను పనికి దూరం చేసింది. 1948లో మరణించిన ఆర్విల్, తన వీలునామాలో పాత సహచరుణ్ణి మరువక, ఏడాదికి 800 డాలర్ల భృతిని ఏర్పాటు చేశాడు. పెరిగిన ధరలకు అది చాలలేదు. 1955లో టేలర్ లాస్ ఏంజలస్‌లోని ఒక ధర్మాసుపత్రిలో ఉన్నట్లు పత్రికా విలేకరి ఒకరు కనుగొన్నారు. ఆ వార్త విని చలించిన విమాన పరిశ్రమవారు చందాలు పోగుచేసి, ఆయనను మంచి వైద్యశాలకు మార్పించారు. 1956 జనవరి 30న ఎనభై ఏడేళ్ల వయసులో టేలర్ తుదిశ్వాస విడిచాడు. సరిగ్గా ఎనిమిదేళ్ల క్రితం ఆర్విల్ కన్నుమూసిన రోజు కూడా అదే. విమానయాన మార్గదర్శకుల స్మారకమైన పోర్టల్ ఆఫ్ ది ఫోల్డెడ్ వింగ్స్‌లో ఆయనను సమాధి చేశారు.

జీవించి ఉండగా దక్కని గుర్తింపు మరణానంతరం టేలర్‌ను వరించింది. యాభై సంవత్సరాలపాటు విమాన నిర్వహణలో కృషి చేసిన యంత్రకారులకు అమెరికా ప్రభుత్వ విమానయాన సంస్థ ఇచ్చే పురస్కారం ఆయన పేరుమీదనే నెలకొన్నది. ఆయన పుట్టినరోజైన మే 24ను విమాన యంత్రకారుల దినంగా పాటిస్తున్నారు. ఎగిరేవాని ధైర్యం వెనుక నేలమీద నిలిచినవాని శ్రద్ధ ఉంటుంది. చమురు మరకలు అంటిన చేతులతో, ఒక చిన్న పగులును సైతం ఉపేక్షించని కన్నులతో పనిచేసే ప్రతి యంత్రకారునిలోనూ చార్లెస్ టేలర్ నేటికీ జీవించే ఉన్నాడు. చేసే పని పదిమంది కంట పడినా, పడకున్నా, దానిపై ఒకరి ప్రాణం ఆధారపడి ఉన్నదన్న ఎరుకతో చేయడమే వృత్తిధర్మం. ఆయన జీవితం యువతకు అందించే సందేశం అదే.